ల్యాండ్‌లైన్‌లో బుర్రుమనే మోత, గరగర: ఎక్కడ పుడుతోందో పట్టుకుని తగ్గించుకోవటం

రిసీవర్ ఎత్తగానే డయల్ టోన్ వెనకాల సన్నగా ఒక మోత, మాట్లాడుతుంటే మధ్యమధ్యలో చిటపటలు, వాన పడిన మర్నాడు అవతలివాళ్ల మాట సగమే వినపడటం, ఇంట్లో మిక్సీ వేస్తే బ్రాడ్‌బ్యాండ్ కట్ అయిపోవటం. ల్యాండ్‌లైన్ ఇంకా ఉంచుకున్న ఇళ్లలో, ముఖ్యంగా పాత రాగి తీగ మీదే ఫోనూ ఇంటర్నెట్టూ రెండూ నడుస్తున్నచోట ఇవి మామూలే. అప్పుడు చాలామంది చేసే మొదటి పని కొత్త ఫోన్ కొనటం, లేదా షాపువాడు ఇచ్చిన ఫిల్టర్ ఒకటి తెచ్చి తగిలించటం. నన్నడిగితే ఆ రెండూ చిట్టచివర చెయ్యాల్సినవి. ముందు జాయింట్లు చూడాలి, తర్వాత వైరు, ఆ తర్వాత పక్కనున్న కరెంటు సామాను, ఇంకా మిగిలితే అప్పుడు ఫిల్టర్. ఎందుకో తెలియాలంటే లైను ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి, ఎక్కువ కాదు.

టెలిఫోన్ లైనంటే రెండు తీగలు, అంతే. ఎక్స్ఛేంజీలో ఉన్న బ్యాటరీల నుంచి ఆ రెండింటి మధ్య 48 వోల్టుల డీసీ వస్తుంటుంది, ఊరంతా కరెంటు పోయినా మామూలు తీగ ఫోను పనిచేసేది అందుకే. రిసీవర్ ఎత్తితే అది పది వోల్టుల చుట్టుపక్కలకి పడిపోతుంది, బెల్ మోగేటప్పుడు మాత్రం దాని మీద 75 వోల్టులో ఇంకాస్త ఎక్కువో ఏసీ వస్తుంది. ఈ రెండు తీగల్నీ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిప్పి ఉంచుతారు, గ్రాహం బెల్ 1881లోనే ఈ మెలికకి పేటెంట్ తీసుకున్నాడు. మెలిక ఉండటం వల్ల పక్కనున్న కరెంటు తీగ ప్రభావం రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది, ఫోను వినేదేమో ఆ రెండు తీగల మధ్య ఉన్న తేడాని మాత్రమే, కాబట్టి రెండింటిలోనూ ఒకే కొలతలో చేరిన రొద ఫోనుకి వినపడనే వినపడదు. అంటే లైను పక్కన కరెంటు ఉండటం ఒక్కటే తప్పు కాదు, మన ఊళ్లలో స్తంభాల మీద రెండూ పక్కపక్కనే ఎంతెంత దూరాలు పోతుంటాయో చూస్తూనే ఉంటాం. ఆ రెండు తీగల సమానత్వం ఎక్కడో చెడింది, అసలు తప్పు అది. ఒక తీగ జాయింటులో చిలుము పట్టి రెసిస్టెన్స్ పెరిగినా, ఒక తీగ ఇన్సులేషన్ దెబ్బతిని తడిగోడలోకి లీకైనా, మెలిక లేని వైరుని ఈ గది నుంచి ఆ గదికి పొడుగ్గా లాగినా, అప్పటిదాకా ఉండీ వినపడని రొద వినపడటం మొదలవుతుంది. ఫిల్టర్ పెట్టి దీన్ని ఆపలేం, ఎందుకంటే కరెంటు మోత మనిషి గొంతు ఉండే హద్దుల్లోనే ఉంటుంది. దాన్ని వడకడితే మాటా పోతుంది.

మోతలన్నీ ఒకటి కావు. కాసేపు చెవిపెట్టి వింటే సగం విషయం అక్కడే తెలుస్తుంది. అయితే డయల్ టోన్ వస్తుంటే ఏమీ తెలియదు కాబట్టి 2 గానీ 3 గానీ ఒక్క అంకె నొక్కండి, టోన్ ఆగిపోతుంది, ఎక్స్ఛేంజీ విసుగొచ్చి ఇంకో టోన్ వేసేలోపు కొన్ని సెకన్లు లైను నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ సమయంలో మాట్లాడే వైపు అరచేత్తో మూసేయండి, లేకపోతే మీ గదిలో ఫ్యాను చప్పుడే మైకులోంచి తిరిగి మీ చెవికొచ్చి, లైనులో రొద ఉందనుకుంటారు. ఇది చాలామంది పట్టించుకోరు.

ఇప్పుడు ఆగకుండా ఒకే తీరుగా బుర్రుమంటుంటే అది కరెంటు మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, ఫోను మోసేది 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యలో ఉన్న శబ్దాన్ని, కాబట్టి ఆ 50 అసలు మోత మనదాకా పెద్దగా రాదు, దాని గుణిజాలు వస్తాయి, 350, 450, 550 ఇలా. అందుకే ఆంప్లిఫైయర్‌లో వచ్చే లోతైన గుమ్మనే మోతలా కాకుండా ఫోనులో అది కాస్త పలచగా, చెవి దగ్గర ఈగ తిరుగుతున్నట్టు ఉంటుంది. ఫ్యాను రెగ్యులేటర్ తిప్పుతున్నకొద్దీ ఆ మోత మారుతుంటే ఇంక వెతకక్కర్లేదు, దొరికినట్టే. చిటపటలు, గరగర, వైరు కదిపితే పెరగటం తగ్గటం, ఇవన్నీ జాయింటు తాలూకువి, బయట నుంచి వచ్చిన రొద కాదు. వాన పడినప్పుడే వచ్చి ఎండ కాయగానే పోయేది తడి, అది ఇంటి గోడలో కావచ్చు, వీధిలో డీపీ బాక్సులో (కేబుల్ నుంచి ఇళ్లకి తీగలు విడిపోయే డబ్బా) కావచ్చు. మోడెం ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే బుస్‌మని వస్తుంటే స్ప్లిటర్ (ఫోను, మోడెం సిగ్నళ్లని వేరుచేసే చిన్న డబ్బా) లేదు, లేదా తప్పు పోర్టులో పెట్టారు. మొబైల్ ఫోను పక్కన పెట్టినప్పుడు టకటకటక డుర్ర్ అని వచ్చేది ఆ మొబైల్ సిగ్నలే, 2జీ ఫోన్లు సెకనుకి 217 సార్లు చొప్పున సిగ్నల్‌ని విడతలు విడతలుగా పంపుతాయి, ఆ విడతల లెక్కే మోతగా వినపడుతుంది. మొబైల్‌ని రెండడుగులు జరిపితే చాలు. ఇక ఎవరో ఇద్దరు మాట్లాడుకోవటం వినపడుతుందంటే అది క్రాస్‌టాక్, కేబుల్లోనో పిల్లర్‌లోనో (వీధి పక్కన కేబుళ్లు కలిసే పెద్ద పెట్టె) వచ్చిన లోపం, ఇంట్లో మీరు ఎంత తిప్పలు పడ్డా పోదు.

తర్వాత తేల్చుకోవాల్సింది ఒకటే, మోత ఇంటి లోపలిదా బయటిదా. వీధి నుంచి వచ్చిన డ్రాప్ వైరు ఇంట్లో మొదట ఆగే డబ్బా ఉంటుంది కదా, రోజెట్, దాని మూత తీసి అక్కణ్నుంచి లోపలి గదులకు పోయే వైర్లన్నీ విప్పేయండి (ఏది ఎక్కడుందో ముందే ఫొటో తీసి పెట్టుకోండి). ఆ రోజెట్‌కి నేరుగా ఒక్క మామూలు తీగ ఫోను తగిలించి వినండి. కార్డ్‌లెస్ వద్దు, దాని అడాప్టరే ఒక రొద పుట్టించే వస్తువు. పక్కింట్లోదైనా సరే ఒక పాత తీగ ఫోను అడిగి తెచ్చుకోండి. ఇలా ఒంటరిగా పెట్టినా మోత అలాగే ఉంటే అది బయట నుంచి వస్తోంది. నిశ్శబ్దంగా ఉంటే లోపలిది, అప్పుడు విప్పిన వైర్లు ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే ఏ గది వైరు తగిలించగానే మొదలైందో తెలుస్తుంది.

బయటిది అని తేలినా ఇంకొక పరీక్ష చేసి చూడండి. ఆ తీగ ఫోను అలాగే పెట్టి ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. ఫోను ఎక్స్ఛేంజీ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దానికేం కాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ఇళ్లలో మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, రొద పుట్టించటంలో ఇంట్లో దాన్ని మించింది లేదు, అందుకని ఇన్వర్టర్ కూడా వెనకాల స్విచ్ దగ్గర ఆపెయ్యాలి. మొత్తం చీకటి చేశాక మోత పోతే మీ కరెంటు సామాన్లలోనే ఏదో ఒకటి కారణం, ఇక ఎంసీబీలు ఒక్కొక్కటే వేసుకుంటూ రండి. అపార్ట్‌మెంటులో ఉంటే పైవాళ్లదో కిందివాళ్లదో కూడా అయ్యుండొచ్చు, లిఫ్టు మోటారు నడిచినప్పుడే వస్తుందేమో కూడా చూసుకోండి.

ఏ వస్తువో తేలకపోతే పాత ట్రాన్సిస్టర్ రేడియో చక్కగా పనికొస్తుంది. మీడియం వేవ్‌లో, ముల్లుని కింది చివరకి తెచ్చి స్టేషను లేనిచోట ఆపి, సౌండు పెంచి, ఇల్లంతా తిరగండి. రొద పుట్టించే వస్తువు దగ్గరికి వెళ్లేకొద్దీ రేడియో గుర్రుమంటుంది. గోడ వెంట కదిలిస్తే లోపల ఏ పైపులో కరెంటు వైరు పోతోందో కూడా కొంతవరకు తెలిసిపోతుంది. ఎఫ్ఎం మాత్రమే ఉన్న రేడియో దీనికి పనికిరాదు.

ఇక బాగుచేయటం. మొదట జాగ్రత్తలు, ఎందుకంటే ఇవి మరిచిపోయి చెయ్యి పెడితే కష్టం. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు రోజెట్ ముట్టుకోవద్దు, అసలు ఆ సమయంలో తీగ ఫోనులో మాట్లాడకపోవటమే మంచిది. 48 వోల్టులు పొడిచేతికి పెద్దగా తెలియదు గానీ మీరు తీగలు పట్టుకున్నప్పుడే ఎవరైనా ఫోన్ చేస్తే ఆ బెల్ కరెంటు జివ్వుమంటుంది, స్టూలు మీద నిలబడి ఉంటే కింద పడేంత. కాబట్టి పని చేసేటప్పుడు వీధి నుంచి వచ్చే తీగల్ని రోజెట్ నుంచి విప్పి విడివిడిగా టేపు చుట్టి పెట్టండి. చివరగా, టెలిఫోన్ తీగ ఎక్కడైనా కరెంటు తీగకి ఆనుతున్నట్టు, రాసుకుంటున్నట్టు కనిపిస్తే అది మీరు చెయ్యాల్సిన పని కాదు, కరెంటువాళ్లనీ టెలిఫోన్‌వాళ్లనీ పిలవాల్సిందే. ఫోను ముట్టుకుంటే జిల్లుమంటోందన్నా ఇదే మాట.

జాయింట్ల దగ్గరే ఎక్కువ సమయం పెట్టండి, ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడే. రోజెట్ మూత తీస్తే లోపల సాధారణంగా ఏముంటాయి? చీమలు, బల్లిగుడ్లు, దుమ్ము, సున్నం వేసినప్పుడు కారిన మరకలు, వదులైపోయిన స్క్రూలు, స్క్రూ కింద పచ్చగా చిలుము పట్టిన రాగి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఈ చిలుము ఇంకా తొందరగా పడుతుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది సరిపెట్టుకోవద్దు. తీగని చిలుము ఉన్నంతవరకు కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా కొత్తగా ఒలిచి, వాషర్ కింద స్క్రూ తిరిగే దిక్కులోనే ఒక చుట్టు తిప్పి బిగించండి. స్క్రూలూ వాషర్లూ తుప్పుపట్టి ఉంటే రోజెట్ మొత్తం మార్చేయండి, పెద్ద ఖర్చేమీ కాదు. దారి మధ్యలో ఎక్కడెక్కడ అతుకులున్నాయో వైరు వెంట వెళ్లి చూడండి, కిటికీ మీద, సన్‌షేడ్ కింద, ఏసీ పెట్టినప్పుడు తెగితే ఎవరో మెలేసి నల్ల టేపు చుట్టి వదిలేసినవి. ఆ నల్ల టేపు మన ఎండలకి జిగురు కరిగి ఊడిపోతుంది, ఊడకపోతే లోపలికి పోయిన నీళ్లని బయటికి రానివ్వదు, రెండు రకాలుగానూ నష్టమే. అలాంటి అతుకులు ఎన్ని తీసేయగలిగితే అన్ని తీసేసి ఒకే వైరు వెయ్యండి. తప్పనిసరిగా అతకాల్సి వస్తే లైన్‌మన్లు వాడే యూవై కనెక్టర్లు అడగండి. రెండు తీగల్నీ ఒలవకుండానే అందులో దూర్చి కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే సరిపోతుంది, లోపల జెల్లీ ఉంటుంది కాబట్టి తడి చేరదు. రెండు తీగలకీ ఒకే రకం అతుకు వెయ్యండి, ఒకదానికి కనెక్టరూ ఇంకోదానికి టేపూ వేస్తే మళ్లీ సమానత్వం చెడినట్టే.

వైరు గోడలోంచి లోపలికి వచ్చే చోట, రంధ్రంలోకి దూరే ముందు దాన్ని కాస్త కిందికి వేలాడేలా వంచి పైకి తీసుకెళ్లండి. వాననీళ్లు ఆ వంపు దగ్గర కింద పడిపోతాయి, లేకపోతే తీగ పట్టుకుని సరాసరి రోజెట్‌లోకి వస్తాయి.

మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లకి ఇంకో మాట. వీధి తీగలు విప్పేసి, ఇంట్లో ఫోన్లు, మోడెం అన్నీ ఊడదీసి, లోపలి వైరు రెండు తీగల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మీటరు ఏ అంకే చూపించకూడదు, హద్దు దాటినట్టే ఉండాలి. కొన్ని వందల కిలో ఓంలో ఇంకా తక్కువో చూపిస్తే ఎక్కడో తడి ఉంది, లేదా ఏదో గదిలో మీరు మరిచిపోయిన వస్తువు ఇంకా తగిలించి ఉంది. ఆ తర్వాత వీధి నుంచి వచ్చే తీగల మధ్య డీసీ చూడండి, 48 దగ్గర్లో, ఎక్స్ఛేంజీ రకాన్ని బట్టి కొంచెం అటూఇటూ ఉండాలి. వీధి తీగలు తగిలించి ఉండగా రెసిస్టెన్స్ కొలవొద్దు, అంకె తప్పొస్తుంది, మీటరూ పాడవచ్చు.

జాయింట్లు అయ్యాక వైరు. మన ఎలక్ట్రీషియన్లకి ఒక అలవాటుంది, టెలిఫోన్ పాయింటు అనగానే కరెంటు వైర్లు పోయే పైపులోంచే దాన్నీ లాగేస్తారు, అది కూడా మెలిక లేని మామూలు ఫ్లెక్సిబుల్ వైరుతో. మోతకి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకోటి ఉండదు. పైగా ఆ పైపులో ఒక్క వైరు ఒలుచుకుపోయినా ఫోనులోకి 230 వోల్టులు వస్తాయి కాబట్టి ఇది మోత విషయమే కాదు, ప్రాణం విషయం. ఆ వైరుని అక్కడే వదిలేసి, రెండు చివరలా కత్తిరించి, వేరే దారిలో కొత్తది వెయ్యండి. కొత్తది అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌కి వాడే క్యాట్ 5 కేబుల్ తీసుకోండి, అందులో నాలుగు జతలుంటాయి, ఒక్క జత, ఉదాహరణకి నీలం, నీలం-తెలుపు, ఫోనుకి వాడండి. నీలం ఒకటి నారింజ ఒకటి తీసుకుంటే మెలిక ఉపయోగం మొత్తం పోతుంది, ఆ రెండూ వేర్వేరు జతలవి. స్క్రూ దగ్గర బిగించేచోట కూడా మెలికని అవసరమైనంత వరకే విప్పండి. కావాలంటే రెండో జతని మోడెంకి ఉంచుకోవచ్చు, దాని సంగతి కింద చెప్తాను.

కరెంటు వైరు పక్కనే పొడుగునా పోవద్దు, అడుగు దూరమైనా ఉంచండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. ఫోను దగ్గర మిగిలిన వైరుని చుట్టచుట్టి టీవీ వెనకాలో స్టెబిలైజర్ మీదో పడేస్తారు, అది కత్తిరించెయ్యండి. గోడ పాయింటు నుంచి ఫోనుకి వచ్చే బల్లపరుపు తీగకి మెలిక ఉండదు, రెండు మీటర్లకి మించి వాడొద్దు. పది మీటర్ల బల్లపరుపు తీగలు షాపుల్లో దొరుకుతాయి, హాల్లోంచి బెడ్‌రూముకి లాగేసుకోవచ్చని కొనేస్తుంటారు, దానికంటే యాంటెన్నా వేరే అక్కర్లేదు.

పాత ఇళ్లలో ఎక్స్‌టెన్షన్లు ఇంకో తలనొప్పి. ఎప్పుడో తాతగారి గదిలో పెట్టిన పాయింటు, ఫోను తీసేశారు, వైరు మాత్రం గోడలో తడిసి కుళ్లుతూ లైనుకి తగులుకునే ఉంది. వాడనివన్నీ రోజెట్ దగ్గరే విప్పేయండి, పాత ఫ్యాక్స్ మెషిన్‌కి వెళ్లేవీ, ఎవరో పెట్టిన పాత కాలర్ ఐడీ డబ్బాకి వెళ్లేవీ కూడా. వాడే ఎక్స్‌టెన్షన్ల నుంచి కూడా ఒక్కోటీ ఊడదీసి చూడండి, ఏదో ఒక ఫోను లోపల చెడిపోయి మొత్తం లైనుని పాడుచేస్తూ ఉండొచ్చు.

ఇక కరెంటు సామాను. ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లలో గుండీ ఎటైనా మెత్తగా తిరిగే రకం కరెంటు అలని ప్రతిసారీ మధ్యలో తెంపి ఇస్తుంది, అందుకే రొద, పూర్తి స్పీడులో తగ్గి నడి స్పీడులో ఎక్కువగా ఉంటుంది. దాని బదులు టకటకమని అంకెలవారీగా తిరిగే స్టెప్ టైపు రెగ్యులేటర్ పెట్టించండి, అందులో ఉండేవి కెపాసిటర్లు, అల తెగదు, మోతా ఉండదు. ఫ్యానులోంచి వచ్చే గుయ్‌మనే చప్పుడు కూడా దాంతో తగ్గుతుంది, అది లాభం. ఇన్వర్టర్ విషయానికొస్తే స్క్వేర్ వేవ్ రకాలు బాగా గోల చేస్తాయి, సైన్ వేవ్ రకాలు నయం. మార్చే ఆలోచన లేకపోతే ఫోనూ మోడెమూ దానికి వీలైనంత దూరంలో పెట్టండి, ఇన్వర్టర్ ఉన్న గోడకే వెనకవైపు మోడెం పెట్టటం మన ఇళ్లలో తరచుగా కనిపించే పని. చౌక ఎల్ఈడీ బల్బులు, ఊరూపేరూ లేని మొబైల్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లు కూడా రొద చేస్తాయి. ఇవి ఒక్కొక్కటే ప్లగ్గులోంచి పీకి చూడటమే దారి, స్విచ్ ఆపితే చాలు గానీ పీకితే సందేహం ఉండదు. మిక్సీ వేసినప్పుడే గరగర వస్తుంటే దాని కార్బన్ బ్రష్‌లు అరిగి నిప్పురవ్వలు వస్తున్నాయేమో చూడండి, చీకట్లో మిక్సీ కింది గాలి రంధ్రాల్లోంచి నీలంగా కనిపిస్తాయి. బ్రష్‌లు మార్చటం చిన్న రిపేరు. బోరు మోటారు వేసినప్పుడు ఒక్కసారి టక్కుమనటం లెక్కలోది కాదు, వదిలేయండి. కార్డ్‌లెస్ ఫోనులోనే మోత ఉండి తీగ ఫోనులో లేకపోతే దాని అడాప్టర్ మార్చి చూడండి, వోల్టులు, ప్లగ్గులో ప్లస్సూ మైనస్సూ పాతదానిలాగే ఉండాలి, ఏసీ అడాప్టర్ ఉన్నదానికి డీసీది పెట్టొద్దు.

ఫెర్రైట్ కోర్ల గురించి అడుగుతుంటారు, కంప్యూటర్ మానిటర్ కేబుల్ చివర ఉబ్బెత్తుగా ఉంటుందే, అది. ఫోను తీగని ఒక పెద్ద ఫెర్రైట్ రింగు చుట్టూ ఎనిమిదో పదో చుట్లు వేస్తే పైస్థాయి రేడియో రొద బాగా తగ్గుతుంది. రేడియో స్టేషను ఫోనులో వినపడుతుంటే ఇదే మందు. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, ట్రాన్స్‌మిటర్లకి దగ్గర్లో ఉన్న కాలనీల్లో ఫోను లోపలి డయోడ్లో, చిలుము పట్టిన జాయింటో ఆ తరంగాల్ని పట్టుకుని వార్తలు వినిపిస్తాయి, చిలుముకి ఆ గుణం ఉంది. కాబట్టి అక్కడ కూడా జాయింటు ముందు, రింగు తర్వాత. కరెంటు మోత మీద మాత్రం ఈ రింగు ఏమీ చెయ్యదు, అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో అది మామూలు తీగతో సమానం.

బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకి ఇంకొంచెం. ఏడీఎస్ఎల్ మోడెం, అంటే రాగి టెలిఫోన్ తీగ మీదే ఇంటర్నెట్ నడిపేది, ఫోను గొంతుకి పైన, దాదాపు 25 కిలోహెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి 1.1 మెగాహెర్ట్జ్ దాకా, ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అయితే 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. మీడియం వేవ్ రేడియో మొత్తం ఇందులోనే పడుతుంది, ఇన్వర్టర్లు, చార్జర్ల రొద కూడా. అంటే చెవికి ఏమీ వినపడకపోయినా నెట్ కట్ అవుతూ ఉండొచ్చు. స్ప్లిటర్ మీద మూడు రంధ్రాలుంటాయి, లైన్, ఫోన్, మోడెం. వీధి నుంచి వచ్చింది లైన్‌లోకే వెళ్లాలి. స్ప్లిటర్‌ని మోడెం దగ్గర కాకుండా మొదటి రోజెట్ దగ్గరే పెట్టి, ఇంట్లోని ఫోన్లన్నీ దాని ఫోన్ రంధ్రం నుంచి తీసుకుని, మోడెంకి మాత్రం వేరే ఒక జత వేస్తే ఇంటి ఎక్స్‌టెన్షన్ల చెత్తంతా మోడెంకి దూరమైపోతుంది. క్యాట్ 5లో రెండో జత అన్నది ఇందుకే. అలా కుదరకపోతే ప్రతి ఫోనుకీ మోడెం సిగ్నల్‌ని ఆపే ఒక ఫిల్టర్ ఉండాలి, ఒక్కటి మరిచినా సరిపోదు, కాలింగ్ బెల్ లాగా పెట్టుకున్న అదనపు రింగరుకి కూడా.

మోడెం పేజీ తెరిచి (ఎక్కువ మోడెంలకి 192.168.1.1) ఎస్ఎన్ఆర్ మార్జిన్ అనే అంకె చూడండి, రొదని తట్టుకోవటానికి సిగ్నల్‌కి ఇంకా ఎంత మిగులుందో చెప్పేది అదే. 6 డెసిబెల్స్ కంటే తక్కువుంటే లైను కట్ అవుతూ ఉంటుంది, 10 దాటితే నిలకడగా ఉంటుంది. ఒక్కో వస్తువు ఆపుతూ, ఒక్కో వైరు విప్పుతూ ఈ అంకె చూసుకుంటే ఏ మార్పు వల్ల ఎంత లాభమో కళ్లముందే తెలుస్తుంది, చెవికంటే ఇది నమ్మకం. అటెన్యుయేషన్ (దారిలో సిగ్నల్ ఎంత తగ్గిపోయిందో) అన్న అంకె ప్రధానంగా ఎక్స్ఛేంజీ దాకా ఉన్న తీగ పొడవుని బట్టి ఉంటుంది, దాన్ని ఇంట్లో కూర్చుని మార్చలేం. ఎక్స్ఛేంజీకి బాగా దూరంగా ఉండి మార్జిన్ ఎంతకీ పెరగకపోతే స్పీడు కొంచెం తగ్గించి లైనుని స్థిరంగా ఉంచమని అడగొచ్చు.

మీ ఇంటికి ఇప్పటికే ఫైబర్ వచ్చేసి, ల్యాండ్‌లైన్ ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ ఇంట్లో వచ్చి ఆగేది) వెనక పోర్టులోంచి వస్తుంటే వీధిలోని రాగి తీగల గొడవే లేదు. అప్పుడు బుర్రుమంటే ఆ డబ్బా అడాప్టరో, దాన్నుంచి ఫోనుకి లాగిన వైరో కారణం. మాటలు ముక్కలుముక్కలుగా, మరమనిషి మాట్లాడినట్టు వస్తుంటే అది నెట్‌వర్క్ విషయం, పైన చెప్పినవేవీ దానికి పనిచెయ్యవు.

ఒంటరి తీగ ఫోనుతో, మెయిన్ ఆపి చూసినా మోత పోనివాళ్లు కంప్లయింట్ ఇవ్వాలి. బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ వాళ్లకి 198 చాలాకాలంగా అలవాటైన నంబరే. "ఫోను సరిగా పనిచెయ్యట్లేదు" అని చెప్తే లైను చచ్చిందా లేదా అని టెస్టు చేసి, డయల్ టోన్ ఉంది కదా అని మూసేసే అవకాశం ఎక్కువ. లోపలి వైర్లన్నీ విప్పి రోజెట్ దగ్గరే చూశాననీ, మోత ఎప్పుడెప్పుడు వస్తోందో, వానకి ఏమైనా సంబంధం ఉందో చెప్పండి. ఇన్సులేషన్ టెస్టు చెయ్యమని, డీపీ బాక్సులోనూ పిల్లర్‌లోనూ జంపర్లు (తీగల్ని కలిపే చిన్న వైర్లు) చూడమని, కేబుల్లో పాడైన జత అయితే వేరే మంచి పెయిర్‌కి మార్చమని అడగండి, ఆ మాటలు వాడితే వచ్చిన మనిషి కూడా పని మీద దృష్టి పెడతాడు. రోడ్డు వెడల్పు చేసిన వీధుల్లో కేబుల్ అతికినచోట నీళ్లు చేరి ఉంటే పెయిర్ మార్చటం ఒక్కటే తొందరగా అయ్యే పని, కేబుల్ తవ్వి బాగుచేసేదాకా ఆగటం కష్టం. వీలైతే మోత బాగా ఉన్న సమయంలోనే రప్పించండి, వాన వెలిసిన ఉదయమైతే మంచిది. లైన్‌మన్ వచ్చినప్పుడు ఆ తీగ ఫోనునే రోజెట్‌కి తగిలించి చేతికివ్వండి, కార్డ్‌లెస్ ఇచ్చి వినమంటే మీ ఫోనుదే ప్రాబ్లం అని చెప్పి వెళ్లిపోతాడు.